ఐదేండ్ల ఒట్టు

(ప్రత్యేక రాష్ట్రం కోసం ఎమ్మెల్యేలు ఒకరి తర్వాత ఒకరు రాజీనామా చేస్తున్న 2011 వానకాలం. నల్లవాగు ఎమ్మెల్యే ప్రేమ్‌చంద్ తన తండాలోని ఇంట్లో తలుపులు వేసుకొని కూర్చున్నాడు. ఎదురుగా భార్య బుజ్జి. బయట రోడ్డు మీద జనం పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు.)

"కిటికీ సందుల నుంచి ఎందుకు చూస్తవు? తలుపు తీసుకొని పోయి చూడరాదు?"

"ఎంతమంది ఉన్నరో చూస్తున్న."

"నీకు ఓటేసినోళ్ళే అందరు. కొత్తోళ్ళు ఒక్కరు లేరు."

"బుజ్జీ, జర మెల్లగ మాట్లాడు. పక్క గదిల ఉపేందర్ ఉన్నడు."

"ఉంటె ఉండనీ. నీ పీఏ నీకు భయపడాలెనా, నువ్వు నీ పీఏకు భయపడాలెనా?"

"వాడు నా పీఏ ఎట్లయితడు? భూపాల్ దొర పెట్టిన మనిషి."

"పీఏ దొర మనిషి. కారు దొరది. గన్‌మెన్లు సర్కారోళ్ళు. ఇగ ఈ ఎమ్మెల్యేగిరిల నీది ఏముందయ్యా?"

"అంగి నాదే."

"గదిగూడ పోయింది."

"పోయిందా? యాడికి పోయింది?"

"పొద్దుగాల్ల దండెం మీద ఆరేసిన. పోరగాండ్లు తీసుకపోయి గడ్డిబొమ్మకు తొడిగిర్రు. గిప్పుడు పాడె కడుతున్నరు. నీ శవయాత్ర తీస్తరట."

"తియ్యనీ."

"తియ్యనీ అంటవేందయ్యా! బతికున్న మనిషికి! నా కండ్ల ముందట!"

"గడ్డిబొమ్మకే గదా."

"గడ్డిబొమ్మకు పేరు నీదే పెట్టిర్రు గదా. మా అన్న పూల్‌సింగ్ పొయ్యికాడ గంటె తిప్పుతుండు. సొంత బామ్మర్ది. నన్ను చూసి మొఖం తిప్పుకుండు. పక్క పొయ్యికాడి ముత్తమ్మక్క ఒక గిన్నెల పప్పు, బువ్వ పెట్టి పంపింది. ‘ఎమ్మెల్యే సాబు ఆకలిమీద ఉంటడేమో, ఇగో ఇయ్యి’ అని. అందరు నవ్విర్రు."

"తిన్నవా నువ్వు?"

"ఎట్ల తింట? గొంతు దిగుతదా? అయ్యా, ఒక్క సంతకం. ఒక్క కాయితం. చుట్టుముట్టు ఎమ్మెల్యేలందరు చేసిర్రని టీవీల చెప్తున్నరు. నిన్నటిదాంక తిట్టిచ్చుకున్నోళ్ళకు గిప్పుడు పూలదండలేస్తున్నరు. నువ్వొక్కనివే మిగిలినవు."

"వాళ్ళవన్ని తిప్పి పంపుతరు. ఏది మంజూరు చెయ్యరు. చూస్తుండు."

"మరి తిప్పి పంపేదే అయితె నీకేం పోయింది? నువ్వుగూడ చెయ్యి. తిప్పి పంపనీ. ఇజ్జతి దక్కుతది, కుర్చీ దక్కుతది."

"చెయ్య బుజ్జీ. నాతోని కాదు."

"ఎందుకు కాదు? దొర వద్దన్నడా?"

"దొర ఎందుకు వద్దంటడు..."

"మరి చెయ్యమన్నడా?"

"దొర ముచ్చట ఎందుకు గిప్పుడు?"

"దొర ముచ్చట కాక ఇంకెవరి ముచ్చట? నల్లవాగు సీటు పుట్టినసంది, నడుమ కొన్నేండ్లు తప్పితె, ఆయన ఇంట్లనే ఉండె. ఆయన తండ్రి, ఆయన చిన్నాయిన, మళ్ళ ఆయన. గుర్తులు మారినయి గాని ఇల్లు మారిందా? మా అత్త చెప్పేటిది, వాగు దాటి పొద్దంత నడిచి ఓటెయ్య పోతె, ‘మీ తండావి పొద్దుగాల్లనే పడిపోయినయి, బెల్లం తీసుకొని పోండ్రి’ అన్నరట. బెల్లం తీసుకొని వచ్చినం అని నవ్వుకుంట చెప్పేటిది పాపం."

"అవన్ని పాత ముచ్చట్లు."

"పాతయేంది? మొన్నటి ఎలచ్చన్లకే గదా సీటు మన కులపోళ్ళకు రాసిచ్చింది సర్కారు. ఆ ముచ్చట తెలిసిన దినం గడీల పొయ్యి ముట్టియ్యలేదట. మర్నాడు దొర కారేసుకొని మనింటికి వచ్చిండు. మంచంల కూసున్నడు. మామ సక్రు నాయక్ నలభై ఏండ్లు ఆయన ఎడ్లు కాసిండు, కని దొర ఒక్కనాడు మనింటి గడప తొక్కినోడు కాదు. నువ్వు సంబురంతోని నిలవడ్డవు, చేతులు కట్టుకొని."

"టికెట్టు ఇప్పిస్త అంటె కాదంటమా బుజ్జీ? రేషన్ డీలర్‌కు ఎమ్మెల్యే టికెట్టు ఎవడిస్తడు?"

"ఇప్పిచ్చిండు. గెలిపిచ్చిండు. దానికి రెండేండ్లు ఆయన చెప్పినకాడల్ల సంతకం పెట్టినవు. నేనేమన్న అన్ననా? పేదోళ్ళం, గంతే మన రాత అనుకున్న. కని గిది వేరేనయ్యా. గిది జనం అడుగుతున్నది. నీ బిడ్డ అడుగుతున్నది. సౌందర్య యూనివర్సిటీ నుంచి దోస్తులను ఏసుకొని వచ్చి ఆ ఎండల కూసున్నది. ‘మా బాపు మంచోడు, చేస్తడు’ అని అందరికి చెప్తున్నది."

"దాని పేరు తియ్యకు."

"ఎందుకు తియ్యద్దు?"

"తియ్యద్దంటున్న గదా!"

"ఏందయ్యా గంత మీదికి లేస్తున్నవు? బిడ్డ పేరు తీస్తె తప్పా? ఏమైంది? చెప్పు. దొర ఏమన్న బెదిరిచ్చిండా? ఉపేందర్‌తోని ఏమన్న అనిపిచ్చిండా?"

"ఎవరేం అనలే. నేనే అన్న."

"ఏమన్నవు?"

"ఒట్టేసిన."

"ఏం ఒట్టు?"

"ఐదేండ్లు నిండేదాంక కుర్చీ దిగనని. ఎవరు చెప్పినా, దేనికోసం అయినా, రాజీనామ చెయ్యనని."

"ఎవరికి?"

"దొరకే. బీ-ఫారం చేతికిచ్చే ముందట."

"గిసొంటి ఒట్టు ఎవడన్న ఏస్తడా?"

"నాకు నవ్వొచ్చింది బుజ్జీ అప్పుడు. నీ మీదొట్టు... కాదు కాదు, ఒట్టు కాదు. నిజంగ నవ్వొచ్చింది. దొంగతనం చెయ్యనని ఒట్టెయ్యమంటె సమజైతది. తాగనని ఒట్టెయ్యమంటె సమజైతది. కుర్చీ దిగనని ఒట్టెయ్యమంటడేంది ఈయన? నాసొంటోడు కుర్చీ ఎక్కినంక ఎందుకు దిగుతడు? దీవెన పెడుతున్నడనుకున్న. ‘ఐదేండ్లు సల్లగుండు’ అన్నట్టు."

"ఆయన గట్ల ఎందుకడిగిండు మరి?"

"ఆయనకు ఎరుకే. ఆయన చిన్నాయిన అప్పటి ఉద్యమంల, మనం చిన్నపిల్లలం అప్పుడు, జనం మాట ఇని రాజీనామ చేసిండట. మళ్ళ ఓట్లు పెడితె సీటు ఒక బడిపంతులుకు పోయింది. పదేండ్లు గడీకి తిరిగి రాలె. ‘ఒక్క కాయితంతోని పదేండ్లు మా వాకిట్ల గడ్డి మొలిచింది ప్రేమ్‌చంద్’ అన్నడు. గిప్పుడు నేను దిగితె మళ్ళ ఓట్లొస్తయి, టికెట్టు ఆయన చేతుల ఉండదు. సీటు ఆయన మనిషి చేతుల నుంచి పోతది. గందుకు."

"గంత దూరం చూసిండా!"

"వాళ్ళు చూస్తరు. మనకు రేపటిది కనవడది."

"సరే, ఒట్టేసినవు. నోటి మాటనే గదా. దొర మాట మీద నిలవడ్డడా ఎన్నడన్న? వాగు మీద వంతెన కట్టిస్త అని వాళ్ళ నాయిన కాలం నుంచి చెప్తున్నరు. వాళ్ళు తప్పినప్పుడు మనం తప్పితె పాపమా?"

"నోటి మాట కాదు బుజ్జీ."

"మరి?"

"మేరామ తల్లి ముందట ఏసిన. మన గుడిలనే. ఆ దినం దొర పూజ చెయ్యాలె అన్నడు, తల్లికి భోగ్ పెట్టిచ్చిండు, యాదికున్నదా? ఇంటినిండ మంది. నువ్వు ఇంట్ల రొట్టెలు చేస్తున్నవు."

"యాదికున్నది. సౌందర్య గుడికి పోయింది నీతోని."

"దొరే పిలిపిచ్చిండు. ‘బిడ్డను గూడ పిలువు, బొట్టు పెట్టించు’ అన్నడు. ఇంటర్ చదువుతుండె అప్పుడు. రెండు జడలు. వచ్చి నా పక్కన నిలవడ్డది. పూజారి బీక్యా తాత బొట్టు పెట్టి దీపంకాడికి పోయిండు."

"ఆగు. ఇగ చెప్పకు."

"నువ్వే చెప్పమన్నవు."

"వద్దు. చెప్పకు. అయ్యో... చెప్పు. చెప్పు, ఇని సస్త."

"‘బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టు ప్రేమ్‌చంద్’ అన్నడు దొర. పెట్టిన. దీవెననే అనుకున్న. చెయ్యి పెట్టినంక, మెల్లగ నా చెవుల, ‘గిప్పుడు అను’ అన్నడు. అన్న."

"పిల్ల ఇన్నదా?"

"ఇనలే. డప్పులు కొడుతున్నరు. దీవిస్తున్న అనుకొని నవ్వింది నన్ను చూసి."

"నీ నోరు పడిపోను! ఒక్కగానొక్క పిల్ల! దాని ముందట ఇద్దరిని మట్టిల పెట్టుకున్నం మనం! దాని నెత్తి మీదనా!"

"మెల్లగ బుజ్జీ..."

"ఏం మెల్లగ! కుర్చీకి పిల్లను కుదువబెట్టినవు గదయ్యా!"

"కుదువబెడుతున్నట్టు తెల్వది నాకు. కుర్చీ దిగే దినం వస్తదని కలల గూడ అనుకోలే. జనమే దిగమంటరని ఎవరనుకున్నరు? దొరకాడికి గూడ పోయిన. పోయిన నెల. ‘నేను ఉండలేకపోతున్న, ఒట్టు ఇడిపియ్యి దొరా’ అని కాళ్ళమీద పడ్డ. ఎమ్మెల్యేను. లేవదీసి కుర్చీల కూసోబెట్టిండు. చాయ తాపిండు. ‘నాదేముంది ప్రేమ్‌చంద్, ఒట్టు నేను పెట్టినదా? మీ అమ్మవారు ఇన్నది. ఆమెనే అడుగు’ అన్నడు."

"బీక్యా తాతను అడగకపోయినవా?"

"అడిగిన. మేక ఇస్త అన్న, అద్దెకరం గుడికి రాసిస్త అన్న. ‘ఒట్టు ఎవలు ఏపిచ్చుకున్నరో వాళ్ళే మనసార ఇడిపియ్యాలె. నడుమ తల్లి సాక్షే, సాక్షితోని బేరం చెయ్యద్దు’ అన్నడు."

"ఆగు, నన్ను జర ఆలోచించనీ. తల్లికి తెల్వదా నీ మనసు? నువ్వు తెలిసి ఏసినవా? మోసంతోని పెట్టిచ్చిన ఒట్టును ఆ తల్లి ఎట్ల పట్టుకుంటది? నేను రోజు దీపం పెడుత. ఎన్నడు ఏం అడగలె. ఆమె నా బిడ్డను..."

"నేనుగూడ గట్లనే అనుకున్న. తొర్రూరు మీటింగు యాదికున్నదా? సంక్రాంతి ఎల్లినంక. జనం అరుస్తుంటె ఆగలేక మైకుల అన్న, ‘అవసరమైతె రాజీనామ చేస్త’ అని. చెయ్యలె, ఊకె అన్న. అన్న దినమే హాస్టల్ నుంచి ఫోనొచ్చింది."

"జెరం ఫోనా?"

"ఆ. వరంగల్ల దవాఖానల కాళ్ళకాడ కూసొని చూసిన బుజ్జీ. చేతులకు సూదులు. రక్తంల కణాలు పడిపోతున్నయని డాక్టరు చెప్తుంటె నాకు డప్పులే ఇనవడుతున్నయి."

"అది డెంగీ అయ్యా. హాస్టల్ల మోరీ నీళ్ళు నిలవడి దోమలయినయి. ఆ గదిల పిల్లలందరికి వచ్చింది. వాళ్ళ బాపులు ఏం ఒట్లేసిర్రని వచ్చింది?"

"గట్లనే చెప్పుకున్న నాకు నేను. కని వాళ్ళల్ల టేకుమట్ల పిల్ల ఒకతి బతకలె. యాదికున్నదా, పక్క మంచంల ఉండె. మన పిల్ల మైకుల మాటకే అంత దూరం పోయి వచ్చింది. సంతకం పెడితె? నువ్వన్నవు, తిప్పి పంపుతరు గదా, చెయ్యి అని. అసెంబ్లీ తిప్పి పంపుతది బుజ్జీ. మేరామ తిప్పి పంపుతదా? ఏమన్న అను. తిట్టు."

"చెయ్యకు."

"ఏంది?"

"చెయ్యకు రాజీనామ. ఎవరేమన్న అననీ. శవయాత్ర తియ్యనీ, గడ్డిబొమ్మనే గదా, కాలపెట్టుకోనీ. అంగి ఇంకోటి కొనుక్కుందాం."

"బుజ్జీ..."

"ఇంకెన్ని దినాలు? మూడేండ్లు లేదు. తలుపేసుకొని కూసుందాం. తండాల ఉండనియ్యకపోతె గార్లకు పోదాం, మా అవ్వగారింటికి."

"అక్కడ మీ అన్న ఉంటడు. గంటె పట్టుకొని."

"కొడితె కొట్టనీ. సస్తమా?"

"రాష్ట్రం రాకపోతె నా వల్లనే రాలేదంటరు."

"అననీ. నీ ఒక్క సంతకంతోని వచ్చేదయితె ఎన్నడో వచ్చేది. అయ్యా... నిజంగ నీ సంతకంతోని వస్తదంటె గూడ, నేను వద్దనే అంటనేమో. తల్లి నన్ను క్షమించాలె. బయట కూసున్నోళ్ళల్ల రాష్ట్రం కోసం కొడుకులను పోగొట్టుకున్న తల్లులున్నరు. వాళ్ళ మొఖం ఎట్ల చూస్త ఇగ?"

"సౌందర్యకు ఏం చెప్దాం?"

"చెప్పద్దు. దానికి అస్సలు చెప్పద్దు."

"నేను అమ్ముడుపోయిననుకుంటది."

"అనుకోనీ. బతికుండి అనుకోనీ."

"నన్ను బాపూ అని పిలువది మళ్ళ."

"నన్ను గూడ యాడీ అని పిలువది. ఇద్దరం ఉందాం. ఆగు, ఎవరో తలుపు కొడుతున్నరు."

"యాడీ! నేను. సౌందర్యను. తలుపు తియ్యి."

"కండ్లు తుడుసుకో అయ్యా. జల్ది."

"యాడీ, తియ్యరాదు!"

"వస్తున్ననే. ఇగో. దా. తలుపు దగ్గరికెయ్యి, జనం చూస్తరు. అబ్బా, మొఖం గంత ఎర్రగయిందేందే? నీళ్ళు తాగు ముందు."

"నీళ్ళొద్దు యాడీ. బాపూ, దా. పోదాం. అందరు ఆగిర్రు. కాయితం నేనే రాసుకొచ్చిన, నువ్వు సంతకం పెడితె సాలు. అక్కడ అందరి ముందట పెడితె ఇంక మంచిగుంటది."

"నేను రాను బిడ్డా."

"సిగ్గయితుందా? నేను చెయ్యి పట్టుకుంట. ఎవరేం అనరు. పూల్‌సింగ్ మామకు చెప్పిన, దండ తెచ్చిపెట్టిండు."

"రాజీనామ చెయ్య."

"ఏంది?"

"చెయ్య. నాకు కుర్చీ కావాలె."

"గట్ల మాట్లాడకు బాపూ. ఉపేందర్ ఇంటుండని అంటున్నవా?"

"ఎవరు ఇన్నా గదే చెప్త. మా నాయిన ఎడ్లు కాసిండు. నేను రేషన్ బియ్యం తూకమేసిన. గిప్పుడు కలెక్టర్ లేచి నిలవడుతుండు. ఎందుకిడువాలె నేను?"

"యాడీ, నువ్వు చెప్పు. పొద్దుగాల్ల నువ్వే గదా అన్నవు, ‘నేను ఒప్పిస్త బిడ్డా, నువ్వు పరేషాన్ గాకు’ అని?"

"నేనేం అనలే."

"యాడీ!"

"మీ బాపు చెప్పింది ఇను. అన్ని మంచికే చేస్తడు. నువ్వు ఇంట్ల ఉండు. బయటికి పోకు. బువ్వ పెడుత."

"ఏమైంది మీ ఇద్దరికి? యాడీ, నువ్వు ఏడ్చినవు. ఏమైందో చెప్పుండ్రి."

"ఏం కాలే. పొయ్యి పొగ."

"మన పొయ్యి ముట్టియ్యనే లేదు."

"బయటి పొయ్యిల పొగ. సౌందర్యా, నా మాట ఇను, దోస్తులను తోలుకొని హాస్టల్‌కు పో. పది దినాలు ఇటు రాకు."

"నేను పోలేను యాడీ. గిప్పుడు పోలేను. మీకు తెల్వది. అక్కడ ఏమైందో తెల్వది."

"ఏమైంది? కొట్టిర్రానే నిన్ను?"

"కొట్టలే. బాపు గడ్డిబొమ్మను పాడె మీద పండబెట్టిర్రు. బాపు అంగి, బాపు పేరు రాసిన అట్ట. బిడ్డ ఉన్నది గదా, బిడ్డే కుండ పట్టాలె అని ఎవడో అన్నడు. అందరు చప్పట్లు కొట్టిర్రు. కుండ నా చేతుల పెట్టిర్రు."

"అయ్యో నా తల్లీ..."

"నేను కుండ కింద పగలగొట్టిన. ‘బతికున్న మా బాపుకు నేను కుండ ఎట్ల పట్టుకుంట’ అన్న. అయితె మీ బాపు రాజీనామ చేస్తడని నువ్వు జవాబుదారి ఉంటవా అన్నరు. ఉంట అన్న. ఊకె అంటె నమ్మం అన్నరు. యాడీ, వాళ్ళు నిప్పు ముట్టిస్తుండిరి. ఏం చెయ్యాలె నేను? పొద్దుగూకేలోపు మా బాపు సంతకం పెడతడని మేరామ తల్లి పేరు తీసి ఒట్టేసిన."

"ఎవరికి? ఎవరికి ఏసినవే ఒట్టు? ఎవరికో చెప్పు, వాళ్ళ కాళ్ళమీద పడి ఇడిపిచ్చుకొస్త. ఎవరా మనిషి?"

"ఒక్క మనిషి కాదు యాడీ. అందరికి. రోడ్డు మీదున్నోళ్ళందరికి."

"ఎవరి మీద ఏసినవు? సౌందర్యా, నన్ను చూడు. నీ మీద నువ్వే ఏసుకున్నవా?"

"నా మీద నేనేసుకుంటె ఎవరు నమ్ముతరు యాడీ? బాపు మీద ఏసిన."